ఆవిరి ఇంజిన్లకు గండం.. పని నేర్చుకునే కుర్రాళ్లేరీ?

బ్రిటన్ మెయిన్ లైన్లలో రోజువారీ ఆవిరి రైళ్లకు 1968 ఆగస్టులోనే తెరపడింది. అయినా హెరిటేజ్ లైన్లలో ఆ కూత ఇప్పటికీ వినిపిస్తోందంటే కారణం వాలంటీర్లే. 1951లో వేల్స్‌లోని టాలిలిన్ రైల్వే మూతపడకుండా నిలబెట్టింది వాళ్లే. జీతం ఉండదు, ఒళ్లంతా మసి మాత్రం గ్యారంటీ!

ఇప్పుడు రెండు వైపులా దెబ్బ. 2023 నవంబర్‌లో వేల్స్‌లోని ఫోస్-ఎ-వ్రాన్ బొగ్గు గని మూతపడింది. సరే, డబ్బు పెడితే బొగ్గు దిగుమతి అవుతుంది. మరి పనితనం? సాధారణంగా పదేళ్లకోసారి బాయిలర్ విప్పి, ట్యూబులు మార్చి, మళ్లీ టెస్టు చేయాలి. ఇది పుస్తకం చదివితే వచ్చే పని కాదు, సీనియర్ల పక్కన నిలబడి నేర్చుకోవాలి. ఆ సీనియర్లలో చాలామంది ఎప్పుడో రిటైరైనవాళ్లు. వాళ్లు ఉండగానే కుర్రాళ్లు రాకపోతే ఇంజిన్లు మిగులుతాయి.. నడిపేవాళ్లే మిగలరు.