ట్రాక్టరు పొగకు హద్దు: ఖర్చు ఎవరిది?

ఎర్రగుంట్ల ప్రాంతమున ట్రాక్టరు ధర మాట వచ్చినపుడెల్ల ఒక ప్రశ్న వినబడుచున్నది. “సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, ఆర్.టి.పి.పి. ఉంది, రాత్రింబగళ్లు బూడిద లారీలు తిరుగుతున్నాయి. సేద్యం దినాల్లో తిరిగే మా ట్రాక్టరు మీదనే సర్కారుకు కన్ను పడిందా?” అని. ఈ మాటలో కొంత న్యాయమున్నది. థర్మల్ కేంద్రముల పొగకు 2015 డిసెంబరులో కేంద్రము కొత్త హద్దులు పెట్టి రెండేండ్ల గడువిచ్చినది. ఆ గడువు పలుమార్లు పెరిగినది.

అయినను ట్రాక్టరు సంగతి వేరుగా చూడవలయును. ఫ్యాక్టరీ గొట్టము ఆకాశమున నుండును. ట్రాక్టరు గొట్టము తోలువాని ముఖమునకు ఎదురుగా నుండును. డీజిలు పొగ క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో తేల్చినది. రేగడిలో దినమంతయు దున్నువాడు మీ కొడుకో, జీతగాడో అయి ఉండును.

50 అశ్వశక్తికి మించిన ట్రాక్టర్లకు నాలుగవ దశ నిబంధనలు 2023 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినవి. 50 నుండి 75 అశ్వశక్తి వరకు గల ఇంజన్లలో కిలోవాటు గంటకు 0.4 గ్రాములున్న మసి హద్దు 0.025 గ్రాములకు దిగినది. అనగా పదహారవ వంతు! పాత పంపుతో ఇది సాధ్యము కాదు. డీజిలును మిక్కిలి ఒత్తిడితో చిమ్ము కామన్ రైలు పద్ధతియు, దానిని నడుపు ఎలక్ట్రానిక్ పెట్టెయు కావలెను. కంపెనీలకు ఖర్చగు మాట నిజమే. ఆ ఖర్చు తుదకు కొనువాని బిల్లులోనికే చేరుననుటయు నిజమే.

కాని కంపెనీల మొరను పూర్తిగా నమ్మనక్కరలేదు. 2018లో ప్రకటించినపుడు ఈ దశకు గడువు 2020 అక్టోబరు. అది 2021 అక్టోబరునకు, పిదప 2022 ఏప్రిలునకు, ఆ పిదప 2023 జనవరికి జరిగినది. 2024 ఏప్రిలులో రావలసిన ఐదవ దశ కూడ 2026 ఏప్రిలునకు జరుపబడినది. ఇట్లు జరిపినందువలన ముందే పెట్టుబడి పెట్టిన కంపెనీ నష్టపడును, ఊరకున్నది లాభపడును. నా అభిప్రాయమున తేదీ ఆలస్యముగా పెట్టినను పెట్టవచ్చును గాని, పెట్టిన తేదీని కదల్పరాదు.

తేదీ కదలనిచో ఏమగునో 2017లో చూచితిమి. బి.ఎస్. 3 బండ్లను ఏప్రిల్ 1 నుండి అమ్మరాదని సుప్రీంకోర్టు మార్చి 29న తీర్పు చెప్పునాటికి, కంపెనీల వద్ద 8 లక్షలకు పైగా బండ్లు నిలిచియున్నవి. అందు ఎక్కువ భాగము మోటారు సైకిళ్లే. రెండు దినములు ధరలు తెగ్గోసి అమ్మినారు. అమ్ముడుపోని లారీలను తుక్కు క్రింద కొని, నాగాలాండులో బి.ఎస్. 4 బండ్లుగా రిజిస్టరు చేయించి తెచ్చిరను అభియోగముపై 2020లో మన పొరుగున తాడిపత్రి పేరు కేసులకెక్కినది. సందు దొరికిన చోట దూరువారు ఎక్కడను ఉందురు!

నాలుగవ దశను 50 అశ్వశక్తికి లోపలి ట్రాక్టర్లకు పెట్టకపోవుట మెట్ట రైతునకు మేలైనదనియే నా నమ్మకము. శనగ, జొన్న వేయు అయిదారెకరముల వారికి గొర్రు, గుంటక లాగుటకు అంతకు మించిన బండి అక్కరలేదు. లోతు దుక్కి కావలసినపుడు పెద్ద ట్రాక్టరును బాడుగకు తెచ్చుకొనుటయే చౌక.

పెద్దది కొనదలచినవారు మాత్రము ధర అడుగుటకు ముందు, చెడినపుడు బాగుచేయువారు ఎంత దూరమున ఉన్నారో అడుగుడు. కొత్త ఇంజనును ఊరి మెకానికు సుత్తె, పానాలతో సరిచేయలేడు. కంప్యూటరుతో వచ్చువాడు ప్రొద్దుటూరు నుండి రెండు దినములకు వచ్చిన, విత్తు పదును ఆరిపోవును. కంపెనీలపై హద్దు పెట్టిన ప్రభుత్వము, విత్తనపు కాలమున ఇన్ని గంటలలో మెకానికును పంపవలెనని ఆ కంపెనీలకే మరియొక హద్దు పెట్టవలయును. రైతు సేవా కేంద్రముల వారును, గ్రామోద్యోగులును ఈ కోరికను పైకి వ్రాసి పంపవలెనని నా మనవి.

మరియొకటి. క్యాన్లలో తెచ్చి నిలువయుంచిన డీజిలులో నీరు, దుమ్ము చేరిన యెడల, ఈ కొత్త ఇంజెక్టర్లు పాతవాటివలె ఓర్చుకొనవు. గుడ్డతో వడకట్టిన చాలదు. బంకునుండి నేరుగా పోయించుకొనుడు. ఫిల్టరు అడుగున చేరు నీటిని వారమున కొకసారి వదలుడు.