సామాన్ దక్కింది, ఇల్లు పోయింది

దివాన్ దేవిడీ అంటే మనోళ్లకు ఇప్పుడు బట్టల బజార్. నల్గొండ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి షాదీ బట్టలకు పోయేవాళ్లు ఆ పేరు ఒక ఇంటిదని తలవను కూడా తలవరు. అది సాలార్‌జంగ్ ఖాందాన్ ఇల్లు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949లో ఔలాద్ లేకుండా ఇంతెఖాల్ అయ్యారు. 1951 డిసెంబర్ 16న నెహ్రూ ఆ ఇంట్లోనే మ్యూజియం తెరిచారు. తస్వీర్లు, కితాబులు, గడియారాలు, మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్న ముసుగు రెబెక్కా... అన్నీ ఆ ఖాందాన్ జమ చేసినవే. 1968లో సామానంతా మూసీ ఒడ్డున కొత్త బిల్డింగ్‌కు పోయింది. ఆయినాఖానా, చీనీఖానా ఉన్న దేవిడీ కూలి దుకాణాలైంది.

సామాన్ సలామత్‌గా ఉంది కదా భాయ్, ఇంకేం కావాలంటారు. నేనొప్పుకోను. ఇంట్లో ఉన్నన్నాళ్లు అది ఒక ఖాందాన్ బతికిన తీరు. అద్దాల పెట్టెలో పెట్టినంక ఒక నవాబ్‌గారి షౌక్, అంతే.

2019లో ఎర్రమంజిల్ కూల్చి అసెంబ్లీ కడతామని సర్కార్ అన్నప్పుడు మనకు గుస్సా వచ్చింది. రావాల్సిందే. హైకోర్టు ఆ ఫైసలాను కొట్టేసింది. మరి మన మొహల్లాల్లో మన ఇళ్లను మనమే జేసీబీకి అప్పజెప్తుంటే ఏ కోర్టు ఆపాలి? అబ్బాజాన్ చాలీస్వాఁ కాకముందే టేపు పట్టి దాలాన్ కొలుస్తున్నాం. చెల్లెళ్ల హిస్సా వాళ్ల హఖ్, అందులో బహస్ లేదు. కానీ హిస్సా అంటే గోడలు కూల్చడమేనా? దీవాన్‌ఖానా ఒక్కటి అందరి పేరు మీద ఉంచి కిరాయికి ఇస్తే ఆమ్‌దనీ పంచుకోలేమా?

బంజారాహిల్స్‌లో మొయీద్ హసన్ ఇంటిని ఆయన ఖాందాన్ వాళ్లు 2010లో లామకాన్‌గా తెరిచారు. నాటకం, ముషాయిరా, తస్వీర్ల నుమాయిష్, ఎవరైనా పోవచ్చు. అది పాత దేవిడీ కాదు, మామూలు ఇల్లే. ఇక్కడేమో బొమ్మలేసే పిల్లలు నుమాయిష్ చూడాలంటే హైదరాబాద్ బస్సెక్కాలి. ఏలే లక్ష్మణ్ గారు పుట్టింది మన పాత నల్గొండ జిల్లా కదిరేనిగూడెంలో. ఆయన గీసిన మనుషులు మన ఊళ్లవాళ్లు. వాళ్లను చూడ్డానికీ పట్నమే పోవాలా?

ఇంట్లో తస్వీర్లేంటి, తౌబా అనే బుజుర్గ్‌లుంటారు. సరే, ఖత్తాతీ పెట్టండి. కంప్యూటర్ వచ్చి కాతిబ్‌ల రోజీ పోయింది. వాళ్లు రాసిన షాదీ రుఖ్కాలు, పోస్టర్లు ఎన్ని ఇళ్లల్లో ట్రంకుపెట్టెల అడుగున పడున్నాయో. జేసీబీకి అడ్వాన్స్ ఇచ్చే ముందు జర ఆ పెట్టెలన్నా తెరవండి.