తప్పంతా యూరియాదేనా?

సంపాదకుడికి,
హంసలదీవి దగ్గర నాచు తెట్టుకు కారణం యూరియాయేనని మీ వ్యాసం తేల్చేసింది. సగమే నిజం. నీలి ఆకుపచ్చ నాచులో కొన్ని రకాలు నత్రజనిని గాలిలోంచే లాక్కుంటాయి. వరి చేలల్లో వాటిని జీవన ఎరువుగా వేసేది అందుకేగా! భాస్వరం మాత్రం గాలి ఇవ్వదు. యూరియా ఒక్కటే తగ్గించి, భాస్వరం ఉన్న డీఏపీని, మిగిలిన రొయ్యల మేతను పట్టించుకోకపోతే పైచేయి ఆ రకాలదే. పట్టుబడి అయ్యాక చెరువు అడుగు నల్లబురదను డ్రెయిన్‌లోకి తోడేస్తే, దాన్ని అంటిపెట్టుకున్న భాస్వరమూ వెళ్తుంది. అలాగని సముద్రంలో ప్రతి తెట్టూ చెరువుల పుణ్యమే కాదు: గాలి పడిపోయిన ఎండాకాలంలో బంగాళాఖాతంలో ట్రైకోడెస్మియం అనే నాచు రంపపు పొట్టులా తేలడం మామూలే. డ్రెయిన్లలో నత్రజనితో పాటు భాస్వరాన్నీ కొలవమని కాలుష్య నియంత్రణ మండలిని అడగండి.

– ఒక రొయ్యల రైతు, కోడూరు మండలం