అదే చేను, అదే వాన, ప్రీమియం మాత్రం వేరు

పత్తికొండ మెట్టలో ఏ గట్టు మీద నిలబడి చూసినా కనిపించే దృశ్యమే ఇది. గట్టుకు ఇటువైపు బుడ్డలు, అటువైపు పత్తి. రెండు చేల మీదా ఒకే మబ్బు. అది కురిస్తే రెండూ తడుస్తాయి, మొహం చాటేస్తే రెండూ ఎండుతాయి. కానీ ఖరీఫ్‌లో పంటల బీమా కట్టాలంటే బుడ్డల రైతు బీమా మొత్తంలో 2 శాతం కట్టాలి, పత్తి రైతు 5 శాతం దాకా కట్టాలి. లక్ష రూపాయల బీమాకు ఒకరికి రెండు వేలు, ఇంకొకరికి ఐదు వేలు. ఒకే వానకు రెండు ధరలు ఎందుకు?

కొన్నేళ్ల పాటు ఈ ప్రశ్న మన నోట రాలేదు. 2019 తర్వాత రైతు వాటాను రాష్ట్ర ప్రభుత్వమే భరించింది. 2020లో రాష్ట్రం కేంద్ర ఫసల్ బీమా పథకం నుంచి బయటికి వచ్చి, 2022లో మళ్లీ చేరింది. ఆ రోజుల్లో మనం అడిగింది ఒక్కటే: పరిహారం ఎప్పుడు పడుతుంది? మన పేరున ఎంత ప్రీమియం కడుతున్నారు, ఆ రేటు ఎలా కడుతున్నారు అని సంఘంగా మేమూ గట్టిగా అడగలేదు. అది మా లోపమే. 2024-25 రబీ నుంచి రైతు వాటా మళ్లీ రైతు జేబులోంచే పోతోంది. ఇప్పుడైనా రేటు గురించి అడగాలి.

2016లో మొదలైన ప్రధానమంత్రి ఫసల్ బీమా నిబంధన ప్రకారం రైతు వాటా తిండి గింజలకు, నూనె గింజలకు ఖరీఫ్‌లో గరిష్ఠంగా 2 శాతం, రబీలో 1.5 శాతం. వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం. వాతావరణ ఆధారిత బీమాలోనూ ఇవే హద్దులు. పత్తి, మిరప, టమాటా, ఉల్లి ఈ 5 శాతం గంపలోనే పడ్డాయి. అంటే ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు, పత్తికొండ మెట్ట రైతు డబ్బు కోసం నమ్ముకున్న పంటల్లో చాలావరకు అందులోనే ఉన్నాయి.

వాణిజ్య పంట అంటే చేతిలో డబ్బు ఆడే పంట, ఆ రైతు ఎక్కువ కట్టగలడు అన్నది దీని వెనక ఉన్న ఆలోచన. కాగితం మీద బాగానే ఉంది. బుడ్డలు మాత్రం ఎవరైనా ఇంట్లో తినడానికే పండిస్తున్నారా? అవీ యార్డుకే పోతాయి. ఇక రెండు మూడు ఎకరాల ఎర్రనేలలో వాన మీద పత్తి వేసిన రైతును చూడండి. విత్తనం అప్పు, మందు అప్పు, ఏరిన కూలి అప్పు. ఆదోని యార్డుకు చేరేసరికి తేమ పేరుతో కోత. పత్తికొండ టమాటా రైతుదీ ఇదే కథ. ధర పడిపోయిన నాడు బుట్టలు రోడ్డు పక్కన పారబోసి పోవలసిందే, ధర నష్టం ఈ బీమాలోకి రాదు. వానకు పూచీ పడే బీమాలో పంట పేరును బట్టి రైతును ధనవంతుడిగా లెక్కగట్టడం న్యాయం కాదు.

మనం బైకుకో ట్రాక్టరుకో కట్టే బీమాతో పోల్చి చూద్దాం. మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. దాని రేటు ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ఒకే తరగతి ఇంజన్ ఉన్న బైకుకు పత్తికొండలోనూ ముంబైలోనూ ఆ ప్రీమియం ఒకటే. సొంత నష్టానికి కట్టే భాగంలో కంపెనీల మధ్య తేడాలు ఉంటాయి. కానీ అక్కడ కూడా ఏడాదంతా క్లెయిము లేకుండా నడిపితే మరుసటి ఏడు 20 శాతం తగ్గింపు వస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ అది 50 శాతం దాకా పెరుగుతుంది. బండిని జాగ్రత్తగా నడపడం మన చేతిలో పని, దానికి ఫలం ఉంది.

కారు బీమా ధర మీద అమెరికాలోని కాలిఫోర్నియాలో పెద్ద పోరాటమే జరిగింది. ఏ వీధిలో ఉంటున్నావు అన్నదాన్ని బట్టి కంపెనీలు ధర పెంచుతుంటే 1988లో అక్కడి ఓటర్లు ప్రతిపాదన 103ను గెలిపించుకున్నారు. ఎలా నడిపావు, ఏడాదికి ఎంత దూరం తిరిగావు, ఎన్నేళ్ల అనుభవం ఉంది అన్న మూడింటికే ముందు పీట వేయాలని, ఇంటి చిరునామా వాటిని మించకూడదని ఆ చట్టం చెప్పింది. మనిషి చేతిలో ఉన్నదానికి ధర కట్టవచ్చు, చేతిలో లేనిదానికి శిక్ష వేయకూడదన్నది దాని సారం.

ఇప్పుడు మన చేను వైపు చూడండి. వాన రైతు చేతిలో ఉందా? పశ్చిమ కర్నూలులో పుట్టడం ఎవరైనా కోరి చేసిన పనా? అయినా పదేళ్లు క్లెయిము లేకుండా ప్రీమియం కట్టిన రైతుకు ఒక్క రూపాయి తగ్గింపు లేదు. కరువు సీమలో ఉన్నందుకు మాత్రం రెండు చోట్ల దెబ్బ పడుతోంది.

మొదటి దెబ్బ సబ్సిడీ హద్దు. రైతు కట్టే 2 శాతం, 5 శాతం అసలు ధర కాదు. గతంలో ఆ ప్రాంతంలో ఎంత నష్టం జరిగిందో చూసి కంపెనీలు టెండరులో వేసే రేటే అసలు ధర. రైతు వాటా పోగా మిగిలినది కేంద్రం, రాష్ట్రం చెరి సగం భరించాలన్నది మొదటి ఒప్పందం. 2020లో కేంద్రం ఒక గీత గీసింది. నీటి వసతి లేని పంటలకు రేటు 30 శాతం దాకా, నీటి వసతి ఉన్నవాటికి 25 శాతం దాకా మాత్రమే తన వాటా ఇస్తానంది. ఆ పైన ఎంత ఉన్నా రాష్ట్రమే చూసుకోవాలి. రేటు 30 దాటేది ఎక్కడ? కరువు పదే పదే వచ్చే మెట్ట ప్రాంతంలోనే. 2023 ఖరీఫ్‌లో రాష్ట్రం ప్రకటించిన 103 కరువు మండలాల్లో 24 కర్నూలు జిల్లావే. ఇలాంటి జిల్లాలో పంటను బీమా జాబితాలో ఉంచితే ఖజానాకు బరువు, తీసేస్తే ఎవరూ అడగరు అన్న ఆలోచన ఏ ప్రభుత్వానికైనా వచ్చే ప్రమాదం ఉంది. సాయం ఎక్కువ కావలసిన చోటే కేంద్రం చెయ్యి వెనక్కి తీసుకుంది.

రెండో దెబ్బ హామీ దిగుబడి. దిగుబడి ఆధారంగా ఇచ్చే బీమాలో గత ఏడేళ్లలో మెరుగైన ఐదేళ్ల సగటు తీసి, దానిలో 70, 80 లేదా 90 శాతాన్ని హామీగా పెడతారు. ఆ ఊరి దిగుబడి అంతకన్నా తగ్గితేనే పరిహారం. లెక్క కోసం ఒక ఉదాహరణ. వానలు బాగా పడే ఊరి సగటు ఎకరాకు 8 క్వింటాళ్లనుకోండి, 80 శాతం హామీ అంటే 6.4. కరువు మీద కరువు చూసిన మన ఊరి సగటు 4 అనుకోండి, హామీ 3.2. ఈ ఏడు రెండు ఊళ్లలోనూ మూడున్నర క్వింటాళ్లే వచ్చాయి. ఆ ఊరికి పరిహారం వస్తుంది, మన ఊరికి పైసా రాదు. నిన్నటి కరువు ఇవాళ్టి హామీని కోసేస్తుంది. అదే కరువు కంపెనీ రేటును పెంచుతుంది. కట్టేటప్పుడు ప్రమాదం ఎక్కువన్నారు, ఇచ్చేటప్పుడు నీకు పండేదే ఇంత అన్నారు.

దీనికి కంపెనీల జవాబు మాకు తెలుసు. ప్రమాదాన్ని బట్టి ధర పెట్టకపోతే నిధి దివాలా తీస్తుందంటారు. ప్రమాదం ఉన్న మాట నిజమే. దాన్ని దాచమని మేము అనడం లేదు, ఆ బరువు ఎవరు మోయాలన్నదే మా ప్రశ్న. రైతు వాటాకు 2 శాతం అని గీత గీసిన రోజే ఆ బరువును దేశం పంచుకోవాలని కేంద్రం ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలు పత్తి దగ్గర, 30 శాతం దగ్గర ఎందుకు ఆగిపోయింది?

ఈ నేల మీద సేద్యానికి రేటు కట్టడం కొత్త కాదు. దత్త మండలాల కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో, ఇక్కడి శిస్తు రైతు మోయలేనంత ఉందని, నాలుగో వంతు తగ్గించాలని 1807లో రాశాడు. పైవాళ్లు అప్పుడు వినలేదు. తర్వాత గవర్నరై తిరిగి వచ్చిన ఆ మనిషి 1827 జూలైలో మన పత్తికొండలోనే కలరాతో చనిపోయాడు. వలస పాలన అధికారి మీద మాకు మోజేమీ లేదు. కానీ ఈ నేల మీద వేసిన రేటు ఎక్కువైందని రెండు వందల ఏళ్ల కిందట వసూలు చేసేవాడికే అర్థమైంది.

ఇక కౌలు రైతు సంగతి. ప్రీమియం ఎంతైనా కడతానన్నా అతనికి తలుపు సరిగా తెరుచుకోదు. 2019 చట్టం కింద సాగు హక్కు పత్రం రావాలంటే యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. సంతకం లేకపోతే పత్రం లేదు. పంట ఒకరిది, పరిహారం ఇంకొకరి ఖాతాకు. ధరలో తేడా కన్నా ఇది పెద్ద వివక్ష.

కాబట్టి మా డిమాండ్లు ఇవి. వాన మీద ఆధారపడిన పత్తి, టమాటా, ఉల్లి, మిరప పంటలకు ఖరీఫ్ రైతు వాటాను 2 శాతానికి తగ్గించాలి. కరువు మండలాల్లో 30 శాతం సబ్సిడీ హద్దును కేంద్రం ఎత్తివేయాలి. ఈ మండలాలకు హామీ స్థాయి 90 శాతం ఉండాలి, కరువేళ్ల దిగుబడి సగటును కిందికి లాగకుండా చూడాలి. మహారాష్ట్రలోని బీడ్ పద్ధతిలో పరిహారం తక్కువైన ఏడు కంపెనీ కొంత ఉంచుకుని మిగిలిన ప్రీమియాన్ని రాష్ట్రానికి తిరిగి ఇస్తుంది. అలాంటి మిగులు ఇక్కడా వెనక్కి రావాలి, అందులోంచి క్లెయిము రాని రైతుకు మరుసటి ఏడు తగ్గింపు ఇవ్వాలి. కంపెనీ వేసిన అసలు రేటు, హామీ దిగుబడి, బీమా మొత్తం గడువుకు ముందే ప్రతి రైతు సేవా కేంద్రం గోడ మీద తెలుగులో రాయాలి. కౌలు రైతుకు యజమాని సంతకంతో పని లేకుండా బీమా అందాలి.

డిమాండ్లు నెరవేరేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. గడువు తేదీ ముందే కనుక్కోండి. ఈ-పంటలో మీ పంట పేరు, విస్తీర్ణం సరిగా పడ్డాయో లేదో చూసుకుని రసీదు దాచుకోండి. ఫసల్ బీమా పంటకు వడగళ్లు పడినా, చేను మునిగినా 72 గంటల్లోపు తెలపాలి, 14447కు ఫోను చేయవచ్చు. ఊరి సంఘాలు ఈ నెలలోనే రైతు సేవా కేంద్రానికి వెళ్లి ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా ఇవ్వాలని కోరుతున్నాం: మా ఊరి పంటకు కంపెనీ వేసిన రేటెంత, హామీ దిగుబడి ఎంత? జవాబు వచ్చినా రాకపోయినా నకలు సంఘం కార్యాలయానికి పంపండి. వచ్చిన అంకెలన్నీ ఊరి పేరుతో సహా ఈ పత్రికలోనే అచ్చువేస్తాం.