రాజీ వేరు, సమాధానం వేరు

బెంగళూరు నేషనల్ లా స్కూల్ విద్యార్థులు ఎన్ఎల్ఎస్-ఎన్ఎంఏ పేరిట ఒక పోటీ నిర్వహిస్తుంటారు. ఇరుపక్షాలు నేరుగా మాట్లాడుకోవడం, మధ్యవర్తి సాయంతో ఒప్పందానికి రావడం, ఆర్బిట్రేటర్ ముందు వాదించడం, ఈ మూడింటిలో అక్కడ పోటీపడతారు. మత్తయి 18వ అధ్యాయం చదివినవారికి ఈ వరుస కొత్త కాదు: మొదట ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరిని వెంటబెట్టుకొని, చివరికి సంఘం ఎదుట.

బొగ్గు గనుల్లో, కాగితం మిల్లులో పనికి వచ్చి బల్లార్‌పూర్‌లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ఈ విద్య అవసరం. కూలి బకాయికో, ఇంటి హద్దుకో ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కే స్తోమత మనలో ఎందరికుంది? లోక్ అదాలత్‌లో కేసు తేలితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది, అప్పీలు ఉండదు.

అయితే కులం పేరిట దాడి జరిగినప్పుడు పెద్దమనుషులు "పోనీలే, రాజీపడు" అంటే అది మధ్యవర్తిత్వం కాదు, నోరు నొక్కడం. 2023 మధ్యవర్తిత్వ చట్టం కూడా నేరాల ప్రాసిక్యూషన్‌ను సాధారణంగా మధ్యవర్తిత్వానికి తగని వివాదాల్లోనే చేర్చింది.

బలవంతుడి ఎదుట కూర్చున్న పేదవాడి పక్కన చట్టం తెలిసినవారు ఉండాలి. 1987 లీగల్ సర్వీసెస్ చట్టం ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు, పారిశ్రామిక కార్మికులకు ఉచిత న్యాయ సహాయం హక్కుగా ఇచ్చింది. యువతకు మా మనవి ఇదే: లా చదవండి, ఆ పక్క కుర్చీలో మీరు కూర్చోండి. న్యాయం లేని సమాధానం నిలవదు.