సున్నం వేసేముందు ఆ మట్టిగూడు చూడండి



పండగొస్తోందంటే ఇళ్లకు సున్నాలు వేయిస్తాం. కిటికీ మూలనో, క్యాలెండరు వెనకనో అతుక్కుని ఉన్న మట్టిగడ్డను గీకి పారేస్తాం. ఈసారి గీకేముందు దాని సంగతి వినండి.

అది కందిరీగ కట్టిన ఇల్లు. నల్లటి ఒళ్లు, పసుపు కాళ్లు, దారంలాంటి నడుము. మన వైపు కనిపించే ఒక జాతి పేరు స్కెలిఫ్రాన్ మద్రాస్పటానమ్. 18వ శతాబ్దంలో ఫాబ్రిషియస్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త మద్రాసు ఊరి పేరే దానికి పెట్టాడు. దీనికి తుట్టె లేదు, రాణి లేదు. ఆడది ఒక్కతే బోరింగు దగ్గరి బురదను ఉండ చేసి నోట కరుచుకొస్తుంది. ఝుమ్మని రొద చేస్తూ దాన్ని అద్దుతుంది. ఆ అదురుకు మట్టి పలచబడి కింది పొరతో కలిసిపోతుంది.

గది తయారయ్యాక వేట. సాలీడును కుడుతుంది కానీ చంపదు, ఒళ్లు చచ్చుబడేలా చేస్తుంది. చంపితే ఆ మాంసం కుళ్లిపోతుంది మరి! మొదట తెచ్చిన సాలీడు మీదే గుడ్డు పెట్టి, ఆపైన మరిన్ని సాలీళ్లతో గది నింపి మూత వేస్తుంది. పిల్ల పాతవాటితో మొదలుపెట్టి తాజావాటి దాకా తింటూ పెరుగుతుంది. తర్వాత పల్చటి గూడు అల్లుకుని అందులో రూపం మార్చుకుంటుంది. చివరికి మట్టిని కొరికి బయటికొస్తుంది. ఇంత వేటాడిన తల్లి తన ఆకలికి తాగేది పూల తేనె.

భ్రమరకీటక న్యాయం గురించి మీరు వినే ఉంటారు. భ్రమరం, అంటే ఇలాంటి కందిరీగ, తెచ్చి బంధించిన పురుగు దాన్నే తలుచుకుని తలుచుకుని భ్రమరమైపోతుందంటారు. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత చెప్పిన 24 మంది గురువుల్లో ఈ కీటకం ఉంది, సాలీడూ ఉంది. ధ్యానానికి ఇంతకంటే మంచి ఉపమానం నాకు తెలియదు. అయినా ఆ గూట్లో ఏ పురుగూ రూపం మారదు. లోపలికి వెళ్లింది ఆహారమైంది, బయటికొచ్చింది గుడ్డులోంచి పుట్టింది. ఈ రెండూ మీరు తెలుసుకోవాలని నా కోరిక. ఉపమానం ఉందని పరిశీలన మానొద్దు, పరిశీలించాక ఉపమానాన్ని ఎగతాళి చేయొద్దు.

ఫ్రాన్సులో బడిపంతులుగా పనిచేసిన ఫాబ్రె ఇలాంటి కందిరీగల దగ్గర ఓపిగ్గా కూర్చున్నాడు. గోడ మీది గూడు ఊడదీసి చూస్తే, కందిరీగ వచ్చి ఖాళీ గోడకే మట్టి పూసిందట! నాకు అందులో తెలివితక్కువతనం కనిపించదు. తల్లిని చూడకుండా పుట్టి, తన పిల్లను చూడకుండానే పోయే జీవి అది. ఎవరూ నేర్పకుండానే ఇంత పని చేస్తోంది.

ఇంటికెళ్లినప్పుడు గూటికి గుండ్రటి కన్నం ఉందేమో చూడండి. ఉంటే ఆ గది ఖాళీ అయినట్టే. చాకుతో మెల్లగా విప్పి, గోధుమరంగు పొరనూ మిగిలిన సాలీడు కాళ్లనూ చిన్నపిల్లలకు చూపించండి. కన్నం లేకపోతే ఆ మూలను కొన్నాళ్లు వదిలేయండి. స్విచ్ బోర్డులో కట్టి ఉంటే మాత్రం తీసేయక తప్పదు. కుడుతుందని మందు కొట్టకండి. తుట్టె కందిరీగల్లా ఇది గూటికి కాపలా కాయదు, పట్టుకుని నొక్కితే తప్ప మన జోలికి రాదు.

మీ తాతయ్య