సవర మాట యంత్రానికి ఎక్కేదెన్నడు?

పాతపట్నం: ఇటు మహేంద్రతనయ ఒడ్డున పాతపట్నం, అటు ఒడిశాలో పర్లాకిమిడి. ఈ సరిహద్దులో తెలుగు, ఒడియా, సవర మూడూ చెవిన పడతాయి. మాట్లాడితే అక్షరాలుగా రాసిపెట్టే సదుపాయం సెల్‌ఫోన్లకు వచ్చినా, అందులో తెలుగుకు, ఒడియాకు దొరికిన చోటు సవరకు దొరకలేదు. ఆ మాటకొస్తే సిక్కోలు తెలుగుకూ అక్కడ పూర్తి మర్యాద లేదు. "ఏటి సేత్తన్నావు" అంటే యంత్రం తడబడవచ్చు. దానికి వినిపించి నేర్పినది ఎక్కువగా పుస్తకాల తెలుగు.

సవర మాటకు గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉండి చెవినీ కలాన్నీ నమ్ముకుని పాటుపడ్డారు. 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువడ్డాయి. మాట కాగితానికెక్కింది గాని పలికిన గొంతు ఎక్కలేదు.

ఆ లోటు తీర్చే పనిముట్టు నేడు ఉచితంగా దొరుకుతోంది. దాని పేరు పైథాన్. కంప్యూటరుకు పని చెప్పే భాష ఇది. కొండచిలువతో సంబంధం లేదు. 1991లో దీనిని విడుదల చేసిన హాలెండు వాసి గైడో వాన్ రోసమ్ ఒక బ్రిటిష్ హాస్య కార్యక్రమం పేరు పెట్టాడు. మైకులో పడిన ధ్వనిని సెకనుకు 16,000 సార్లు కొలిచి అంకెలుగా మార్చవచ్చు. లిబ్రోసా అనే పైథాన్ పరికరం ఆ అంకెలను హెచ్చుతగ్గు స్వరాలుగా విడదీసి బొమ్మ గీస్తుంది. సవరలో గొంతు బిగబట్టి ఆపే ధ్వని ఒకటుంది. బొమ్మలో అది తెగిన గీతలా కనబడుతుంది. అవ్వ పలుకు, బడిపిల్ల పలుకు పక్కపక్కన పెట్టి తేడా కంటితో చూడవచ్చు.

ఖర్చు మాట చూస్తే, ఈ లెక్కన గంట మాటకు దాదాపు 115 మెగాబైట్లు. వంద గంటలు గోరంత కార్డులో పడతాయి. అసలు కష్టం విన్నదాన్ని వాక్యం వెంట వాక్యం రాయడం. అలా రాసిన జత లేనిదే యంత్రానికి నేర్పడం కష్టం. ఇందుకు సవర చదువుకున్న యువకులు కావాలి, వారికి కూలి గిట్టాలి. లిపి చిక్కు ఒకటి. ఇటు బడిపుస్తకాలు తెలుగు లిపిలో వచ్చాయి. ఒడిశా వైపు మంగై గొమాంగో 1936లో చేసిన సొరాంగ్ సొంపెంగ్ ఉంది; దానికి 2012లో యూనికోడ్‌లో స్థానం దక్కింది. రెండు లిపుల్లోనూ రాయించడమే మేలు.

కేంద్రం 2022లో ప్రారంభించిన భాషిణి పథకం ముఖ్యంగా రాజ్యాంగ షెడ్యూలులోని 22 భాషలకు. సవరకు చుట్టమైన సంతాలీ 2003 నాటి రాజ్యాంగ సవరణతో ఆ జాబితాకెక్కింది. సవర ఎక్కలేదు. ఢిల్లీ పిలుపు వచ్చేదాకా ఆగితే పాత పలుకు ఎరిగిన ముసలివారు మిగలరు. కంప్యూటర్లున్న కళాశాలలు ఈ పనికి పూనుకోవచ్చు. అయితే గొంతు ఇచ్చినవారి అనుమతి తీసుకోవాలి, రికార్డు నకలు ఒకటి ఆ ఊరి బడిలోనే ఉంచాలి.